లడ్డూగాడి చిక్కం: ఎనిమిది నెలలు వాడాక నా మాట

ముందే ఒక మాట. ఇది కరిచే కుక్క గురించి కాదు. కనిపించినదల్లా మింగే కుక్క గురించి, దాని మూతికి పెట్టే రబ్బరు బుట్ట గురించి. షాపుల్లో బాస్కెట్ మజిల్ అని అడిగితే ఇస్తారు. ఏప్రిల్‌లో కొన్నాను, ఇప్పుడు డిసెంబరు. ఎండలో, వానలో, చలిలో వాడి చూశాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి బుట్టలు చాలామంది చేస్తున్నారు. ఏ కంపెనీ అన్నదాని కన్నా ఏ రకం, ఏ కొలత అన్నదే ముఖ్యమని నాకు మూడు మజిళ్ళ డబ్బు పోశాక తెలిసింది.

మాది నల్గొండ. రామగిరి వైపు ఉంటాం. ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషన్లు రెండు. జాకెట్లు, ఫాల్స్, పీకో, ఆడపిల్లల గౌన్లు, అంతా కలిపి పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. లడ్డూ మా లాబ్రడార్. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు యాభై రోజుల పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇప్పుడు వాడికి మూడేళ్ళు, ముప్పై రెండు కిలోలు.

వాడు తిన్నవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. సాక్సులు, మామిడి టెంక, స్నానం సబ్బు, పాల ప్యాకెట్ కవర్లు, రిమోట్ మీది రబ్బరు బటన్లు, వినాయక చవితికి తెచ్చిన పత్రిలో సగం. ఒకసారి ఒక మేడమ్ పోచంపల్లి పట్టుచీర జాకెట్ ముక్క ఇచ్చి వెళ్ళారు. నేను చేతులు కత్తిరించి టేబుల్ అంచున పెట్టి, గ్యాస్ బండ వచ్చిందంటే గేటు దాకా వెళ్ళాను. వచ్చేసరికి ఒక చెయ్యి లేదు. ఇక్కత్‌లో దారానికే ముందు రంగు అద్ది, తర్వాత నేస్తారు. ఆ చీరకి సరిపోయే ముక్క బజారులో ఇంకొకటి దొరకదు. డబ్బులిస్తానన్నా ఆమె తీసుకోలేదు. ఏమీ అనలేదు కూడా. కానీ మళ్ళీ నా దగ్గరికి రాలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తిండి పెట్టట్లేదేమో అని చూసినవాళ్ళు అనుకుంటారు. రెండు పూటలా కొలిచి పెడతాం. మా అమ్మాయి బీఎస్సీ చదువుతోంది, తనే ఎక్కడో చదివి చెప్పింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ఒక పరిశోధన ప్రచురించారట. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒక దానికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క ఉండదు. కడుపు నిండింది, ఇక చాలు అని మెదడుకి చెప్పే పనిలో ఆ జన్యువుకి భాగం ఉంది. అది సరిగ్గా లేని కుక్కకి తిండి ధ్యాస ఎక్కువ. లడ్డూకి ఆ పరీక్ష చేయించలేదు. కానీ ఆ మాట విన్నాక వాణ్ణి తిట్టడం మాత్రం మానేశాను.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరి చివర్లో పెళ్ళిళ్ళ సీజన్. రాత్రి పదకొండు దాటేదాకా మిషన్ మీదే ఉండేదాన్ని. ఒక పొద్దున లడ్డూ పసుపుపచ్చ నీళ్ళు కక్కాడు. గడ్డి తిన్నాడేమో అనుకున్నాం. మధ్యాహ్నానికి ఇంకో మూడుసార్లు. పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. లడ్డూ అన్నం వద్దన్నాడంటే మా ఇంట్లో అందరికీ కాళ్ళూ చేతులూ ఆడవు. సాయంత్రం దొడ్డికి కూర్చుంటే వెనకాల ఎర్ర దారం జానెడు వేలాడుతోంది. నా మిషన్ దారమే. నేను పట్టుకుని లాగబోయాను. మా ఆయన ఆగమన్నారు, డాక్టరు గారికి ఫోన్ చేద్దామన్నారు. ఆ ఒక్క మాట వాడి ప్రాణం కాపాడింది.

మా ఊళ్ళో డాక్టరు గారు ఫోన్లోనే గట్టిగా చెప్పారు. లాగొద్దు, కత్తిరించనూ వద్దు, ఉన్నది ఉన్నట్టే తీసుకురండి అని. దారం, గుడ్డ ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు. పేగు ఆకారం, అందులో గాలి చూసి అనుమానించాలి. స్కానింగ్ కూడా చేసి, ఆపరేషన్ తప్పదన్నారు, హైదరాబాద్ తీసుకెళ్ళమన్నారు. రాత్రి ఎనిమిదికి మా ఆయన స్నేహితుడి కారులో బయల్దేరాం. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, వంద కిలోమీటర్లు. వాడి తల నా ఒళ్ళోనే ఉంది. ముక్కు ఎండిపోయి ఉంది.

అక్కడ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మరుసటి రోజు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. దారం ఉండలా చుట్టుకుని కడుపు చివర ఇరుక్కుంది. దాని కొస పేగులోకి దిగింది. పేగు ఆ కొసని ముందుకు తోసేయాలని చూస్తుంది. దారం కదలదు కాబట్టి పేగే దారం మీదకి ఎక్కి ముడుచుకుంటూ పోతుంది. ఆమె ఇంకా చెబుతుండగానే నాకు అర్థమైపోయింది. లంగాకి నాడా ఎక్కించి ఒక కొస పట్టుకుని లాగితే గుడ్డంతా కుచ్చులు కుచ్చులుగా దగ్గరికొస్తుంది కదా, అచ్చం అదే. ఆ కుచ్చుల లోపల బిగిసిన దారం రంపంలా పేగుని కోస్తుంది. నేను బయట నుంచి లాగి ఉంటే ఆ కోత ఇంకా లోతుగా పడేది. పేగుని మూడు చోట్ల తెరిచి దారం ముక్కలు ముక్కలుగా తీశారు. కుట్లు వేశాక మొదటి మూడు నుంచి ఐదు రోజులు కీలకం, కుట్టు దగ్గర లీకైతే మళ్ళీ మొదటికే వస్తుందన్నారు. ఆరు రోజులు ఉంచారు. పరీక్షలు, మందులు అన్నీ కలిపి నలభై రెండు వేలు అయ్యాయి. చిట్టీ పాడి కట్టాం.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని మజిల్ కొనడం. ఇక్కడి నుంచి రివ్యూ.

మొదట కొన్నది నైలాన్ గుడ్డది. ఒక షాపులో 180 రూపాయలు. మూతి చుట్టూ గొట్టంలా వస్తుంది, ముందు ముక్కు బయటికి ఉంటుంది. లాబ్రడార్‌కి ఇదే కరెక్ట్ అని షాపతను చెప్పాడు, నమ్మాను. పెట్టిన పది నిమిషాలకే లడ్డూ గుర్రుగుర్రుమంటూ నేల మీద మూతి రుద్దడం మొదలుపెట్టాడు. కుట్లు విప్పించడానికి వెళ్ళినప్పుడు అదే పెట్టుకుని వెళ్ళాం. డాక్టరమ్మ చూసి వెంటనే విప్పించారు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త తప్ప, ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నోరు తెరిచి నాలుక బయటపెట్టి రొప్పాల్సిందే. నైలాన్ మజిల్ నోరు మూసేస్తుంది. డాక్టరు ఇంజెక్షన్ వేసే రెండు నిమిషాలకి పనికొస్తుంది అంతే. నల్గొండ ఎండల్లో, 44, 45 డిగ్రీలు కొట్టే చోట దానితో వాకింగ్‌కి తీసుకెళ్ళడమంటే కుక్కని చేతులారా వడదెబ్బకి అప్పగించడమే. దీనికి నేను ఒక్క స్టార్ కూడా ఇవ్వను. ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

రెండోది ఇనుప తీగ బుట్ట, 350 రూపాయలు. నోరు తెరుచుకోవడానికి చోటుంది, గాలి ఆడుతుంది. కానీ మార్చి నెల ఎనిమిదిన్నర ఎండకే తీగ వేడెక్కింది. నా చెంపకి ఆనించి చూసుకున్నాను, చురుక్కుమంది. ముక్కు మీద వెంట్రుకలు ఊడి ఎర్రగా కమిలింది. పైగా వాడు ఊపుకుంటూ వచ్చి మోకాలికి తగిలిస్తే నీలం తేలేది. పదిహేను రోజులు వాడి తీసేశాను.

మూడోది ఈ రబ్బరు బుట్ట. ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు. నల్ల రంగు, వంగే రబ్బరు, చుట్టూ వేలు పట్టేంత కంతలు. మెడ వెనక బెల్టు, నుదుటి మీదుగా ఇంకో పట్టీ, కింద కాలర్‌కి తగిలించే ఉంగరం ఉన్నాయి. దీనితో వాడు రొప్పగలడు, నీళ్ళు తాగగలడు, పక్క కంతలోంచి చిన్న చికెన్ ముక్క పెడితే తినగలడు. తినలేనిది నేల మీద పడి ఉన్న పెద్ద వస్తువు మాత్రమే. మనకి కావాల్సింది అదే కదా.

సైజు గురించి ఇప్పుడు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. అమ్మే పేజీలో జాతిని బట్టి సైజుల పట్టిక ఉంటుంది. లాబ్రడార్ ఎదురుగా ఏ నంబరుందో అది తెప్పించాను. మూతి పట్టింది, కానీ నోరు సగమే తెరుచుకుంది. వాపసు పంపి పెద్దది తెప్పించడానికి తొమ్మిది రోజులు పోయాయి. తప్పు నాదే. పంతొమ్మిదేళ్ళుగా టేపు మెడలో వేసుకుని తిరిగేదాన్ని, కుక్క మూతి కొలవకుండా పట్టికని నమ్మాను.

జాకెట్‌కి కొలత తీసేటప్పుడు మేం ఏం చేస్తాం? ఊపిరి గట్టిగా పీల్చి నిలబడమంటాం, అప్పుడు ఛాతీ చుట్టూ టేపు వేస్తాం. వదిలేసిన ఊపిరి మీద కొలత తీస్తే ఆ జాకెట్ వేసుకున్న మనిషి ఫంక్షన్‌లో కూర్చుని లేచేసరికి హుక్కులు తెగుతాయి. కుక్కకీ అంతే. వాకింగ్ నుంచి వచ్చి నోరు బార్లా తెరిచి రొప్పుతున్నప్పుడు కొలవండి. కళ్ళకి ఒక అంగుళం కింద మూతి చుట్టూ టేపు వేయండి. నోరు మూసుకుని ఉన్నప్పుడు లడ్డూది పన్నెండు అంగుళాలు. రొప్పుతున్నప్పుడు పదిహేనున్నర. బుట్ట లోపలి చుట్టు ఆ రెండో అంకెకి సరిపోవాలి. ఆ తర్వాత కళ్ళ కింద నుంచి ముక్కు కొస దాకా పొడవు, వాడిది నాలుగంగుళాలు. బుట్ట పెట్టాక ముక్కు ముందు వేలి మందం ఖాళీ ఉండాలి, ముక్కు రబ్బరుకి తగలకూడదు. మెడ బెల్టు కింద రెండు వేళ్ళు దూరాలి, కానీ బుట్టని ముందుకి లాగితే ఊడి రాకూడదు. వేసుకున్న కుక్కకి ఆవలింత వస్తే పూర్తిగా ఆవలించగలగాలి. లడ్డూ మొదటిసారి అందులో హాయిగా ఆవలించిన రోజు నాకు కొలత కుదిరిందని నమ్మకం వచ్చింది.

ఈ రకం రబ్బరుకి ఇంకో మంచి గుణం ఉంది. వేడి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది, చేత్తో పక్కలకి సాగదీసి పట్టుకుని చన్నీళ్ళలో ముంచితే ఆ ఆకారంలోనే నిలబడిపోతుంది. లాబ్రడార్ మూతి వెడల్పు కదా, పక్కలకి కొంచెం సాగదీశాను. పూర్తిగా చల్లారాకే కుక్కకి పెట్టాలి.

అలవాటు చేయడానికి పన్నెండు రోజులు పట్టింది. మొదటి రోజే మూతికి తగిలించి బెల్టు బిగించకండి. జన్మలో మళ్ళీ దగ్గరికి రానివ్వదు. బుట్టని గిన్నెలా పట్టుకుని అడుగున పెరుగు రాశాను. వాడంతట వాడే మూతి పెట్టి నాకాడు. మూడు రోజులు అంతే, బెల్టు జోలికి పోలేదు. నాలుగో రోజు నాకుతుండగా బెల్టు మెడ వెనక ఆనించి తీసేశాను. తర్వాత పెట్టి పది అంకెలు లెక్కపెట్టడం, ఆ తర్వాత ఇంట్లోనే రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. ఇప్పుడు కొక్కేనికున్న బుట్ట చేతిలోకి తీసుకుంటే చాలు, తోకాడిస్తూ వచ్చి మూతి తనే లోపల పెడతాడు. బుట్ట అంటే షికారు అని వాడి లెక్క.

మా నాన్నది నకిరేకల్ దగ్గర పల్లె. చేలో గుంటుక తోలేటప్పుడు ఎద్దుల మూతికి తాడుతో అల్లిన చిక్కం కట్టేవాడు, లేకపోతే నాలుగడుగులకొకసారి పైరు కొరుకుతాయి. చేను గట్టెక్కగానే చిక్కం విప్పి, విప్పిన చేత్తోనే ముందు పచ్చగడ్డి పరక పెట్టేవాడు. ఒక్కరోజు కూడా మర్చిపోయింది చూడలేదు. లడ్డూకి బుట్ట తీయగానే నేను కూడా క్యారెట్ ముక్కో, ఉడికిన గుడ్డులో సగమో పెడతాను. మొదట్లో వీధిలో అందరూ అడిగేవాళ్ళు.

"గీ కుక్క కరుస్తదా అక్కా?"

"లేదమ్మా, రోడ్డు మీద ఏది పడితే అది తింటడు. అందుకే."

పిల్లలైతే పక్కకి జరిగిపోయేవాళ్ళు. లడ్డూని చూస్తే ఎగిరొచ్చే పిల్లలు అలా వెనక్కి తగ్గుతుంటే మనసు చివుక్కుమనేది. ఒక పొద్దున కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్న ముసలాయన మాత్రం చూడగానే, "చిక్కం కట్టినవా బిడ్డా, మంచి పని చేసినవ్," అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు చిక్కమే. అడిగిన పిల్లలకి కూడా అదే చెబుతున్నాను. ఎద్దుల చిక్కం చూసిన వాళ్ళ తాతలు మిగతాది చెప్పుకుంటున్నారు.

పని ఎలా చేసిందంటే, బాగా చేసింది. మా వీధి నుంచి గడియారం సెంటర్ వైపు వెళ్ళే దారిలో మక్క కంకులు కాల్చే బండ్లు ఉంటాయి. తిని పారేసిన బెండ్లు చుట్టుపక్కలంతా పడి ఉంటాయి. ఆ బెండు కుక్క కడుపులో అరగదు, పేగులో బిరడాలా పట్టేస్తుంది. ఎక్స్‌రేలో కూడా తేలిగ్గా దొరకదట. వానాకాలమంతా లడ్డూ రోజుకి ఒకటైనా బుట్టతో పొడిచి, దొరక్క, నా మొహం చూసేవాడు. సద్దుల బతుకమ్మ మర్నాడు గుడి ముందు మలీద ముద్దలు కట్టిన ప్లాస్టిక్ కవర్లు కుప్పగా ఉంటే నన్ను ఈడ్చుకుపోయాడు. బెల్లం, నెయ్యి వాసన కదా. బుట్ట లేకపోతే ముద్దతో పాటు కవరూ లోపలికి పోయేది. ఇప్పుడు పత్తి లోడ్లు తిరిగే రోజులు, రోడ్డు పక్కన గింజపత్తి రాలి ఉంటుంది. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, కుక్కల గుండెకి చేటు. అది కూడా బుట్ట దాటి లోపలికి పోలేదు. ఈ ఎనిమిది నెలల్లో వాంతులని డాక్టరు దగ్గరికి వెళ్ళింది ఒక్కసారి కూడా లేదు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది, ముందు వైపు కంతలు పెద్దవి. కొన్న పదిహేను రోజులకే లడ్డూ ఉపాయం కనిపెట్టాడు. మెత్తని వస్తువు మీద బుట్టని నొక్కిపెట్టి, కంతలోంచి పైకొచ్చిన దాన్ని నాలుకతో లాక్కుంటాడు. ఒకరోజు పాల కవరు మూల అలాగే లోపలికి లాగేశాడు. నేను చూసి వేళ్ళు పెట్టి తీశాను. గడియారం సెంటర్ దగ్గర చెప్పులు కుట్టే తాతకి చూపిస్తే, సన్న కంతలున్న రబ్బరు ముక్క ఒకటి కోసి, ముందు కింది భాగానికి మాత్రం బయటి వైపు నుంచి రివెట్లు కొట్టి బిగించాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు. పక్కలు, పైన అలాగే వదిలేశాం, గాలికి, నీళ్ళకి అడ్డం రాకూడదు. దారంతో కుట్టనివ్వలేదు, తెగి లోపల పడితే మళ్ళీ దారమే.

రెండోది, ముక్కు మీద ఆనే పట్టీ గట్టిగా ఉంది. మెత్తని వెల్వెట్ ముక్క అతికించాను. వానల్లో అది తడిసి వాసన కొట్టింది, తీసేసి రెండు పొరల కాటన్ వేశాను, వారానికోసారి మారుస్తాను. మీ ఇంట్లో మిషన్ లేకపోతే ఎవరి చేతనైనా వేయించుకోండి. మూడోది, నుదుటి పట్టీ ఊడదీసుకునేలా ఇచ్చారు. దాన్ని తీసేసి వాడితే కుక్క ముందుకాలితో బుట్ట మొత్తం లాగి పడేస్తుంది. ఒకసారి మా వాడు రోడ్డు మధ్యలో అదే పని చేశాడు. పట్టీ తీయకండి.

బుట్ట ఉందని ఇంకేమీ చూసుకోనక్కర్లేదని కాదు. ఇది మనం పక్కన ఉన్నప్పుడు మాత్రమే పెట్టాలి. రాత్రిళ్ళు, ఇంట్లో ఒంటరిగా వదిలినప్పుడు పెట్టకూడదు. దేనికైనా తగులుకోవచ్చు, వాంతి వస్తే ఊపిరాడకపోవచ్చు. నేను వాకింగ్‌లో పెడతాను, ఎండాకాలం ఐదున్నరకే వెళ్ళి ఆరున్నరకి వచ్చేస్తాం. జాకెట్లు కత్తిరించే అరగంట ముప్పావుగంట కూడా పెడతాను, వాడు నా కాళ్ళ దగ్గరే పడుకుంటాడు. మిగతా జాగ్రత్త అంతా గదిదే. ముక్కలు వేసే బుట్ట తీసేసి కాలితో నొక్కితే మూత లేచే డబ్బా పెట్టాను. బాబిన్లు, సూదులు మూత ఉన్న స్టీలు డబ్బాలో. రాత్రి లేచే ముందు మిషన్ కింద అయస్కాంతంతో ఒకసారి, చీపురుతో ఒకసారి ఊడుస్తాను. వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకి అందకూడదని అమ్మాయి ఫ్రిజ్ మీద రాసి అంటించింది.

నోట్లో ఏదైనా పట్టుకున్నప్పుడు వెంటపడేదాన్ని. మనం పరిగెత్తుకొస్తుంటే అదేదో గొప్ప వస్తువు అనుకుని గబుక్కున మింగేస్తాడని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. ఇప్పుడు నిలబడిన చోటు నుంచే "ఇడువు" అని, చేతిలో చికెన్ ముక్క చూపిస్తాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు వదులుతాడు. మిగతా రెండుసార్ల కోసమే చిక్కం.

ఒకటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఏదైనా మింగిందని తెలిస్తే ఉప్పు నీళ్ళు పోసి కక్కించమని చుట్టుపక్కల వాళ్ళు చెబుతారు, మాకూ చెప్పారు. పోయకండి. ఎక్కువ ఉప్పు కుక్కకి అదే ఒక విషం. సూది లాంటివి, ఫినాయిల్, యాసిడ్ లాంటివి కక్కిస్తే వచ్చే దారిలో ఇంకోసారి గాయం చేస్తాయి. ఎలుకల మందు అయితే ఆ ప్యాకెట్ కూడా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఏ మందో తెలిస్తేనే ఏం చేయాలో వాళ్ళకి తెలుస్తుంది. ఏది మింగింది, ఎంత మింగింది, ఎన్ని గంటలైంది, ఈ మూడూ ఫోన్లోనే చెప్పండి.

రబ్బరు బుట్టకి నా వైపు నుంచి ఐదుకి నాలుగు స్టార్లు. ఒక స్టార్ తగ్గించింది ముందు కంతలకి, ముక్కు పట్టీకి. 1,450 ఎక్కువ అనిపిస్తే నలభై రెండు వేల బిల్లు నా దగ్గర ఉంది, ఫైల్లో దాచాను. చిన్న మూతి ఉన్న పగ్ లాంటి కుక్కలకి ఈ ఆకారం నిలబడదు, వాటికి వేరే రకం చూడాలి. పొడుగు మూతి నాటు కుక్కలకి మాత్రం బాగా నప్పుతుంది. మా ఎదురింటి వాళ్ళు వాళ్ళ నాటు కుక్కకి తెప్పించారు, కొలత నేనే తీశాను, ఒక్కసారికే కుదిరింది.

ఇన్ని నెలలకి మెడ బెల్టుకి మూడో కంత దగ్గర చీలిక కనబడుతోంది. నిన్న రాత్రి దాని మీద మందపాటి నవారు వేసి రెండు వరసలు కుట్టాను. బయటి వైపే ముడులు వేశాను. పొద్దున లడ్డూ వాసన చూసి, మూతి పెట్టి, గేటు వైపు నడిచాడు.